మీటర్ వెనక చిన్న బల్బు



రాత్రిపూట కారు మీటర్ చీకటిగా ఉంటే చాలామంది సర్దుకుపోతారు. స్పీడు ఎంతో అంచనాకు తెలుస్తుందిలే, పెట్రోలు పొద్దున్నే పోయించాం కదా అనుకుంటారు. పాత బండికి మళ్ళీ ఖర్చెందుకన్న ఆలోచన కూడా ఉంటుంది. ఆ చీకటి గురించే ఈవేళ కాసేపు మాట్లాడతాను. మీటర్ లైట్లు సోకు కోసం పెట్టినవి కావు. వాటిని బాగుచేసుకోవడం పెద్ద పనీ కాదు. కాని బాగుచేయించుకున్నామనుకుని కొందరు కళ్ళకు కొత్త ఇబ్బంది తెచ్చుకుంటున్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

ముందు ఒక జాగ్రత్త. మీటర్ లైట్లన్నీ ఒకేసారి ఆరిపోతే బల్బుల జోలికి పోకండి. బండి పక్కకు ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి టెయిల్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. చాలా కార్లలో మీటర్ లైట్లకూ, టెయిల్ లైట్లకూ, నంబరు ప్లేటు లైటుకూ కరెంటు ఒకే ఫ్యూజు నుంచి వెళుతుంది. ఆ ఫ్యూజు పోతే లోపలా చీకటే, వెనకా చీకటే. హెడ్‌లైట్లకు ఫ్యూజు వేరు కాబట్టి ముందు రోడ్డు మాత్రం బాగానే కనిపిస్తుంటుంది. డ్రైవరుకు అనుమానమే రాదు. హైదరాబాదు, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద అర్ధరాత్రి అలా పోతున్న కారు, వెనక నుంచి వచ్చే లారీవాడికి బాగా దగ్గరపడేదాకా కనిపించదు. అంటే మీటర్ చీకటి పడడం ఒక్కోసారి మీ వెనక లైట్లు పోయాయని బండి చెప్పే మాట.

ఈ మాట ఎంత విలువైనదో కొత్త కార్లు వచ్చాక తెలిసింది. ఇప్పటి చాలా కార్లలో మీటర్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. లైట్ల స్విచ్చి వేశామా లేదా అన్నది మీటర్ చూస్తే తెలియదు. ఊళ్ళో వీధి దీపాల వెలుగులో బయల్దేరినవాళ్ళు, ముందు వెలిగే పగటి లైట్లను చూసి అన్నీ వేశామనుకుని, వెనక చీకటితోనే వెళ్ళిపోతుంటారు. కెనడాలో ఈ బెడద ఎక్కువై, ప్రభుత్వం నిబంధనే తెచ్చింది. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే కొత్త వాహనాల్లో చీకటి పడితే లైట్లు వాటంతటవే వెలగాలి, లేదా పగటి లైట్లతో పాటు టెయిల్ లైట్లు కూడా వెలగాలి, అదీ లేకపోతే లైట్లు వేసేదాకా మీటర్ చీకటిగానే ఉండాలి. మన పాత కార్లలో ఈ మూడోది మొదటి నుంచీ ఉంది. పార్కింగ్ లైట్లు వేస్తేనే మీటర్ వెలుగుతుంది. ఆ సౌకర్యాన్ని మాడిపోయిన బల్బుల పాలు చేసుకోవడం నాకు నచ్చదు.

సరే, ఫ్యూజు బాగానే ఉంది, టెయిల్ లైట్లూ వెలుగుతున్నాయి. అయినా మీటర్ మొత్తం చీకటే. అప్పుడు చూడాల్సింది డిమ్మర్. కొన్ని కార్లలో స్టీరింగ్ పక్కనో, మీటర్ అంచునో వెలుగు పెంచి తగ్గించే చిన్న చక్రం ఉంటుంది. తుడిచేటప్పుడు గుడ్డ తగిలో, పిల్లల చెయ్యి పడో అది కిందికి తిరిగిపోయి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి కదపకపోతే దాని లోపల దుమ్ము, మరక చేరి కరెంటు అందదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా పదిసార్లు తిప్పి చూడండి. ఒక్కోసారి అంతటితోనే పని అయిపోతుంది. అలా కాకుండా స్పీడు ముల్లు దగ్గర వెలుగుండి పెట్రోలు ముల్లు దగ్గర లేకపోతే, ఒక మూల మాత్రమే మసకగా ఉంటే, అప్పుడు అనుమానించాల్సింది బల్బునో, దాని హోల్డర్‌నో.

బల్బు ఎందుకు మాడుతుందో తెలిస్తే ఎన్ని మార్చాలో కూడా తెలుస్తుంది. గాజు లోపలున్న సన్నటి తీగ టంగ్‌స్టన్. లోహాలన్నిటిలో ఎక్కువ వేడికి కరిగేది అదే, 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర. బల్బు వెలిగేటప్పుడు ఆ తీగ రెండు వేల డిగ్రీలు దాటి కాగుతుంది. కరగదు కాని ఆ వేడికి లోహం కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపలివైపు అంటుకుంటుంది. పాత బల్బును పట్టుకుని వెలుతురుకు ఎదురుగా పెడితే గాజు మీద నల్లటి పొర కనిపిస్తుంది చూడండి, అదే ఇది. తీగ ఎక్కడ సన్నబడితే అక్కడ వేడి పెరుగుతుంది, వేడి పెరిగినచోట ఇంకా త్వరగా ఆవిరవుతుంది, చివరికి అక్కడే తెగుతుంది. అదీ ఎక్కువగా స్విచ్చి వేసిన క్షణంలోనే. చల్లగా ఉన్న తీగకు రెసిస్టెన్స్ చాలా తక్కువ, వేడెక్కాక ఉండేదానిలో దాదాపు పదోవంతు. కాబట్టి వెలిగే క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు వచ్చి పడుతుంది.

ఇంట్లో మల్టీమీటర్ ఉన్నవాళ్ళకు ఈ సంగతి పనికొస్తుంది. 12 వోల్టుల 5 వాట్ల బల్బుకు లెక్క ప్రకారం ఇరవై తొమ్మిది ఓములు రావాలి. మల్టీమీటర్ పెట్టి చూస్తే మూడో నాలుగో చూపిస్తుంది. బల్బు షార్టయిందని పారేయకండి. అది చల్లటి తీగ చూపించే కొలత. బల్బు మంచిదే.

బ్యాటరీ 12 వోల్టులంటాం గాని ఇంజను నడుస్తున్నప్పుడు డైనమో ఇచ్చేది ఇంచుమించు 14. ఆల్టర్నేటర్ అనాలి, కాని మన షెడ్లలో అందరూ డైనమో అనే అంటారు, నేనూ అలాగే అంటాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 దాకా ఉండడం మామూలు. రెగ్యులేటరు చెడి అది 15 దాటితే బల్బులు నిలవవు. వోల్టేజి ఐదు శాతం పెరిగితే ఫిలమెంటు బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. కొత్త బల్బులు వేసిన కొన్నాళ్ళకే మళ్ళీ మాడుతుంటే, బల్బుల నాణ్యతను అనేముందు ఆ వోల్టేజి కొలిపించండి.

మీటర్ బల్బులన్నీ ఒకే రోజున ఫ్యాక్టరీలో వేసినవి. అన్నీ కలిసి వెలిగాయి, కలిసే ఆరాయి. ఒకటి మాడిందంటే మిగతావాటి వయసూ అంతే. మీటర్ విప్పడమే అసలు శ్రమ. బల్బు ఖరీదు దాని ముందు లెక్కలోది కాదు. అందుకని విప్పిన రోజునే లైటింగ్ బల్బులన్నీ మార్చేయండి.

చివరి మారుతి 800 ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది 2014 జనవరిలో. అంబాసిడర్ ఉత్పత్తి ఆగిందీ అదే ఏడాది మే నెలలో. అవి పాతవయ్యాయి గాని వాటికి సరిపడే బల్బులకు కొరత లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో అడిగితే చిన్న పొట్లంలో కట్టి ఇస్తారు. క్యాప్‌లెస్ బల్బు అని అడగాలి. ఇత్తడి టోపీ లేకుండా, గాజు అడుగునే చదునుగా నొక్కి, రెండు తీగలు ఇటూ అటూ మడిచి ఉంటాయి. పది మిల్లీమీటర్ల గాజున్నది టి-10, ఐదు మిల్లీమీటర్లది టి-5. ఇంకా పాత డిజైను బళ్ళలో మర తిప్పే బుడ్డి బల్బులు, పిన్నులుండి నొక్కి తిప్పేవి కూడా ఉంటాయి. పాత బల్బును చేతిలో పెట్టుకుని వెళ్ళడం అన్నిటికన్నా మేలు. దాని మీద రాసిన వాట్లు భూతద్దం పెట్టి అయినా చదవండి. వెలుగు బాగుంటుందని 3 వాట్ల చోట 5 వాట్లది వేయించకండి. మూసిన ప్లాస్టిక్ డబ్బాలో ఆ రెండు వాట్ల అదనపు వేడికి పోయేచోటు లేదు. హోల్డర్ మెత్తబడుతుంది, డయల్ మీది తెలుపు కొన్నాళ్ళకు గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇక విప్పడం. పగటిపూట, నీడలో, తొందర లేని రోజున మొదలుపెట్టండి. పది నంబరు స్పానర్‌తో ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయాలి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీస్తే మళ్ళీ కోడ్ అడుగుతాయి. ఆ అంకెలు మీ దగ్గరున్నాయో లేదో ముందే చూసుకోండి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే స్టీరింగ్ జోలికి వెళ్ళవద్దు, ఆ పని తెలిసినవాళ్ళకు వదిలేయండి.

మీటర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రానికి స్క్రూలు సాధారణంగా పైచూరు కింద ఉంటాయి. కూర్చుని చూస్తే కనిపించవు, తల వంచి పైకి చూడాలి. మన ఎండలకు ఏళ్ళ తరబడి కాగిన ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. రానప్పుడు గట్టిగా లాగితే చిటుక్కుమంటుంది, ఆ క్లిప్పు మళ్ళీ దొరకదు. రాకపోతే ఇంకెక్కడో ఒక స్క్రూ మిగిలి ఉందని అర్థం. చట్రం వచ్చాక మీటర్‌ను పట్టుకున్న స్క్రూలు తీసి నెమ్మదిగా మీ వైపు లాగండి. కొంచెం వచ్చి ఆగిపోతుంది. వెనక స్పీడోమీటర్ కేబుల్ పట్టుకుని ఉంటుంది. చెయ్యి లోపలికి పోనిచ్చి, తడుముతూ, కేబుల్ మెడ దగ్గరున్న నాలుకను వేలితో నొక్కి లాగాలి. తర్వాత వైర్ల కప్లర్లు. ఒక్కొక్కటీ తీసేముందు ఫోనుతో ఫొటో తీసుకోండి.

మీటర్ చేతికి వచ్చాక మెత్తటి గుడ్డ మీద బోర్లించండి. ముళ్ళ మీద వేలు పడనీయకండి. పాత కార్ల స్పీడోమీటర్‌లో కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాన్ని తాకకుండా ఉండే అల్యూమినియం గిన్నె ఆ తిరుగుడుకు లాగబడి ముల్లును కదుపుతుంది, వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. జర్మనీలో ఓటో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. వందేళ్ళు లోకమంతా తిరిగింది. ఆ స్ప్రింగు వంగితే అరవైలో పోతున్నప్పుడు యాభై చూపించవచ్చు.

మీటర్ వీపు చూడదగిన దృశ్యం. పారదర్శకంగా, కొంచెం గోధుమరంగులో ఒక పలచటి ప్లాస్టిక్ పొర పరిచి ఉంటుంది. దాని లోపల రాగి దారులు వంపులు తిరుగుతూ ఒక్కో బల్బు దగ్గరికీ వెళతాయి. అక్కడక్కడా గుండ్రటి బిళ్ళల్లా కనిపించేవే హోల్డర్లు. గడియారం ముల్లుకు ఎదురుదిశలో పావు వంతు తిప్పితే ఊడి వస్తుంది. బల్బును తిన్నగా బయటికి లాగాలి, తిప్పకూడదు. ఇప్పుడు హోల్డర్ అంచున ఉన్న రెండు రాగి నాలుకలు చూడండి. ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్దండి. పొర మీద అవి ఆనేచోటును కూడా అలాగే తుడవండి. ఉప్పుకాగితం పెడితే ఆ రాగి పొర లేచిపోతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో తిరిగిన బళ్ళకు ఈ పచ్చటి చిలుము బాగా పడుతుంది. బల్బు మాడకుండానే లైటు రాకపోవడానికి అక్కడ పెద్ద కారణం ఇదే.

అన్నీ వేశాక వెంటనే బిగించేయకండి. కప్లర్లు మాత్రం పెట్టి, బ్యాటరీ తగిలించి, పార్కింగ్ లైట్లు వేసి చూడండి. ఒకటి వెలగకపోతే ఇప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాతే స్క్రూలు.

ఇక్కడిదాకా వచ్చాక షాపువాడు అడిగే ప్రశ్న ఒకటుంది. సార్, ఎల్‌ఈడీ వేసేయమంటారా, తెల్లగా ధగధగా ఉంటుంది, మళ్ళీ మార్చే పని ఉండదు అంటాడు. అతను చెప్పే రెండో సంగతి చాలావరకు నిజమే. ఎల్‌ఈడీలో మాడే తీగ లేదు, వేడి తక్కువ, కరెంటు తక్కువ. నా అభ్యంతరం ఆ ధగధగ గురించి.

చీకట్లో మన చూపు రెటీనాలో ఉండే రాడ్ కణాల మీద ఆధారపడుతుంది. వెలుతురు నుంచి చీకటికి వెళ్ళాక అవి పూర్తిగా తేరుకోవడానికి అరగంట దాకా పడుతుంది. అవి ఎక్కువగా స్పందించేది నీలం, ఆకుపచ్చల మధ్య ఉన్న వెలుగుకు. ముదురు ఎరుపుకు దాదాపు స్పందించవు. చవకరకం తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో నీలం పాలు ఎక్కువ. కిటికీ అద్దం మీద, ముందు అద్దం మీద దాని ప్రతిబింబం పడుతుంది. వీధి దీపాలు లేని రోడ్డు మీద, నల్లటి బట్టలతో పక్కన నడుస్తున్న మనిషి కనిపించాల్సిన చూపు ఆ మీటర్ వెలుగుకు కొంత కొంత తగ్గిపోతుంది. వయసు పైబడ్డవాళ్ళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బీఎండబ్ల్యూ కార్లలో ఎన్నో ఏళ్ళు మీటర్లకు నారింజరంగు వెలుగే వాడారు. స్వీడన్‌కు చెందిన సాబ్ కార్లలో నైట్ ప్యానెల్ అనే బటన్ ఉండేది, నొక్కితే స్పీడోమీటర్ తప్ప మిగతా మీటర్లన్నీ చీకటిలోకి వెళ్ళిపోయేవి, ఏదైనా హెచ్చరిక ఉంటేనే వెలిగేవి. రాత్రి డ్రైవరుకు ఎంత తక్కువ వెలుగు సరిపోతుందో ఆలోచించి చేసిన పని అది. మన పాత కార్ల మీటర్లలోని పసుపు, ఆకుపచ్చ వెలుగులో ఆ పొదుపు ఉంది. నేననేదల్లా ఒకటే, ఏది ఉండేదో అదే మళ్ళీ వేయించండి.

చీకటి మీటర్‌తో పోవచ్చని దీనర్థం కాదు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు ఇరవై రెండు మీటర్లు దాటుతుంది. కనిపించని ముల్లు కోసం రెండు సెకన్లు కళ్ళు చికిలిస్తే నలభై నాలుగు మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే. ఓరచూపుకు ముల్లు అందాలి. అంతకుమించిన వెలుగు అక్కర్లేదు.

ఎల్‌ఈడీయే వేయాలని అనుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీలో బల్బు మీద ఆకుపచ్చ టోపీయో, డయల్ వెనక ఆకుపచ్చ రంగో ఉన్నచోట ఎర్ర ఎల్‌ఈడీ పెడితే దాదాపు ఏమీ కనిపించదు. ఆకుపచ్చ పొర ఎరుపును రానివ్వదు. ఇక ఎల్‌ఈడీకి ప్లస్సు, మైనస్సు ఉంటాయి. వెలగకపోతే తీసి తిప్పి పెట్టండి.

ఒక్క బల్బు విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. ఎర్రగా బ్యాటరీ బొమ్మతో ఉండే ఛార్జింగ్ లైటుకు ఎల్‌ఈడీ వేయకండి. ఎన్నో పాత కార్లలో ఆ బల్బు హెచ్చరిక కోసమే కాదు. డైనమో తిరగడం మొదలైనప్పుడు దాని కాయిల్‌కు అందాల్సిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. అది మాడిపోతే, లేదా దానిచోట అతి తక్కువ కరెంటు పోనిచ్చే ఎల్‌ఈడీ పెడితే, డైనమో ఛార్జింగ్ మొదలుపెట్టకుండా ఊరికే తిరుగుతుంది. పైగా లైటు వెలగడం లేదు కాబట్టి అంతా బాగుందని మనం అనుకుంటాం. బ్యాటరీలు మార్చి, డైనమో విప్పి, కారణం దొరకని బళ్ళలో ఆఖరికి దొరికేది ఈ చిన్న బల్బే అవుతుంటుంది.

మీటర్ లాగే రాత్రి వెలగాల్సింది ఇంకొకటుంది, స్టీరియో. బటన్ల వెలుగు సరిగా లేదని సెట్టు బయటికి లాగేముందు వెనక వైర్లు చూడండి. బయట కొని బిగించిన చాలా స్టీరియోల్లో పసుపు వైరు బ్యాటరీకి, ఎరుపు వైరు తాళం స్విచ్చికి, నలుపు ఎర్త్‌కు, నారింజ వైరు పార్కింగ్ లైట్ల లైనుకు వెళ్ళాలి. ఆ నారింజ వైరును బిగించేవాళ్ళు పట్టించుకోక, టేపు చుట్టి వదిలేయడం మామూలైపోయింది. బటన్ల వెలుగు రాత్రికి తగ్గట్టు మారకపోవడానికి అది చాలు.

అది సరిగానే ఉంటే లోపలి బల్బులు చూడాలి. రెండు పక్కలా సన్నటి ఇనుప బద్దలు దూర్చితే తాళాలు వదిలి సెట్టు ముందుకు వస్తుంది. ముందు ముఖం విప్పితే, బటన్ల వెనక పలక మీద వడ్లగింజంత బల్బులు కనిపిస్తాయి. వాటి తలకు ఆకుపచ్చనో నీలమో రబ్బరు టోపీ ఉంటుంది. పాతబడిన టోపీ వేలు తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది, ఆ పొడి కింద బల్బు గాజు నల్లగా అద్దంలా మెరుస్తుంటుంది. వీటికి హోల్డర్లు లేవు, రెండు తీగలతో టంకం వేసి ఉంటాయి. ఇరవై ఐదు వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. మొన రెండు మూడు సెకన్లకు మించి ఆనించకూడదు, ఆనిస్తే పలక మీది రాగి ఊడుతుంది. 12 వోల్టుల తీగల బల్బు హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడగవచ్చు.

దొరకకపోతే ఇక్కడ ఎల్‌ఈడీకి నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే వెలుగు మన చేతిలో ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి వరుసలో వెయ్యి ఓముల రెసిస్టర్ వేయండి. ఆకుపచ్చకో నీలానికో మూడు వోల్టులు పోగా మిగిలిన పదకొండు వోల్టులు ఆ రెసిస్టర్ మీద పడి, కరెంటు పదకొండు మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. పావు వాటు రెసిస్టర్ తట్టుకుంటుంది. పొడుగు కాలు ప్లస్సు. ఎల్‌ఈడీ వెలుగు ఒక్క చుక్కగా పడి బటన్ మధ్యలో మెరిసి అంచులు చీకటిగా ఉంటే, దాని తలను సన్నరకం ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు తిప్పండి. గాజులా ఉన్న తల పాలరంగుకు మారి వెలుగు పరుచుకుంటుంది. ఇంకా ఎక్కువనిపిస్తే రెసిస్టర్ విలువ పెంచండి. రాత్రి దారిలో స్టేషను మార్చడానికి చెయ్యి బటన్ మీదికి తడబడకుండా వెళితే చాలు.

ఇదంతా నా వల్ల కాదనుకునేవాళ్ళు ఈ పనిని ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి. ఎన్ని బల్బులు, ఎన్ని వాట్లవి వేశాడో అడిగి, తీసిన పాత బల్బులు చేతికి ఇవ్వమనండి. ఛార్జింగ్ బల్బు మామూలుదే వేయమని ముందే చెప్పండి.

మీటర్ విప్పినా విప్పకపోయినా, రేపు పొద్దున బండి తీసేటప్పుడు ఒకటి చేసి చూడండి. తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా ఆగండి. ఎర్రటి బ్యాటరీ బొమ్మ, ఎర్రటి ఆయిల్ డబ్బా బొమ్మ రెండూ వెలగాలి. ఇంజను అందుకోగానే రెండూ ఆరిపోవాలి. వెలగాల్సినప్పుడు వెలగని బొమ్మ ఏదైనా ఉంటే, మీటర్‌లో ముందుగా మార్చాల్సిన బల్బు అదే. అందులోనూ ఆయిల్ లైటయితే ఆ రోజే చేయించండి. ఆయిల్ ప్రెషర్ పడిపోయిన ఇంజను కొద్ది నిమిషాల్లోనే పట్టేస్తుంది.